పెరుగుదల శాతం లెక్కలు: "దేని మీద?" అని అడిగి పద సమస్యలు చేసే పద్ధతి

ఒక మొక్క ఎత్తు 40 సెంటీమీటర్ల నుంచి 50 సెంటీమీటర్లకు పెరిగింది. ఎంత శాతం పెరిగినట్టు?

ఈ ప్రశ్నకు మామూలుగా వచ్చే జవాబులు మూడు: 10, 20, 25. 10 అన్నవాళ్లు తేడా తీసి అక్కడే ఆగిపోయారు. అవి సెంటీమీటర్లు, శాతం కాదు. 20 అన్నవాళ్లు ఆ 10ని 50తో భాగించారు. 25 అన్నవాళ్లు 40తో భాగించారు. సరైన జవాబు 25. తీసివేత, భాగహారం అందరికీ వచ్చినవే. తేడా వచ్చిందల్లా శాతాన్ని దేని మీద కట్టాలన్న దగ్గరే.

పెరుగుదల శాతం మీద పద సమస్యను ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా చిక్కుముడి ఉండేది అక్కడే. సూత్రం బట్టీ పట్టినవాళ్లు కూడా పరీక్షలో తడబడేది సూత్రం మర్చిపోయి కాదు, అందులో ఏ సంఖ్యను ఎక్కడ వేయాలో తేలక. అందుకే ఇక్కడ ముందు ఆ ప్రశ్నను పట్టుకుని, సూత్రం సంగతి తర్వాత చూద్దాం.

లెక్కలో ఉండేవి మూడే

పెరగక ముందు ఉన్నది తొలి విలువ. పెరిగాక ఉన్నది కొత్త విలువ. ఈ రెండింటినీ కలిపేది పెరుగుదల శాతం. లెక్కలో వీటిలో రెండు ఇచ్చి మూడోది అడుగుతారు. కాబట్టి ప్రాథమికంగా లెక్కలు మూడు రకాలే: శాతం అడిగేవి, కొత్త విలువ అడిగేవి, తొలి విలువ అడిగేవి. మిగతావన్నీ వీటిని ఒకదాని మీద ఒకటి పేర్చి చేసినవే.

గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన నియమం ఒక్కటే. పెరుగుదల లెక్కలో తొలి విలువే 100 శాతం. కొత్త విలువ ఎంత పెద్దదైనా, ప్రశ్నలో అదే ముందు కనిపించినా, 100 శాతం మాత్రం తొలి విలువదే.

మొదటి మెట్టు: వాక్యాన్ని సరిగ్గా చదవడం

చాలామంది సమస్య చూడగానే అంకెలు ఏరుకుని గుణించడం మొదలుపెడతారు. దానికంటే ముందు పెన్సిల్ పక్కన పెట్టి వాక్యాన్ని రెండుసార్లు చదవండి. మొదటిసారి కథ అర్థం కావడానికి, రెండోసారి "దేని మీద?" అన్నదానికి జవాబు వెతకడానికి.

ఆ జవాబు వాక్యంలోనే దొరుకుతుంది. "కంటే", "మీద", "తో పోలిస్తే", "నుంచి" అనే మాటలు కనిపిస్తే వాటికి సరిగ్గా ముందు ఉన్నదే సాధారణంగా 100 శాతం. "రెండో ట్యాంకు సామర్థ్యం మొదటి ట్యాంకు కంటే 30 శాతం ఎక్కువ" అన్నారనుకోండి. "కంటే"కు ముందున్నది మొదటి ట్యాంకు. అదే 100, రెండోది 130. వాక్యం రెండో ట్యాంకుతో మొదలైంది కదా అని దాన్ని 100 చేస్తే లెక్క మొత్తం తలకిందులవుతుంది.

కొన్నిసార్లు ఈ మాటలేవీ ఉండవు. "సభ్యుల సంఖ్య 12 శాతం పెరిగింది" అని ఊరుకుంటారు. అప్పుడు "అంతకుముందు ఉన్నదాని మీద" అని మనమే కలుపుకుని చదవాలి.

ఇంకో చిన్న అక్షరం పెద్ద తేడా చేస్తుంది. "ఉత్పత్తి 120 శాతం పెరిగింది", "ఉత్పత్తి నిరుటితో పోలిస్తే 120 శాతానికి పెరిగింది" అనేవి రెండూ ఒకటి కావు. మొదటి వాక్యంలో 100 మీద ఇంకో 120 చేరింది, అంటే ఇప్పుడు 220. రెండో వాక్యంలో 100 కాస్తా 120కి చేరింది, అంటే పెరుగుదల 20 శాతమే. "శాతం" ఉందా, "శాతానికి" ఉందా అన్నది వేలు పెట్టి మరీ చూడండి.

రెండో మెట్టు: రెండు వరసలు రాసుకోవడం

చదివాక కాగితం మీద ఇలా రెండు వరసలు గీయండి:

పాతది: ______ → 100%
కొత్తది: ______ → ______

తెలిసినవి నింపండి. తెలియనిచోట ప్రశ్నార్థకం పెట్టండి. మూడు రకాల లెక్కలకూ ఇదే చట్రం. మారేదల్లా ప్రశ్నార్థకం కూర్చునే చోటు. కుడివైపు పైన ఉన్న 100% మాత్రం కదలదు, అందుకే దాన్ని ముందే రాసేసుకోవాలి.

మూడో మెట్టు: ప్రశ్నార్థకాన్ని బట్టి లెక్క చేయడం

శాతం అడిగినప్పుడు

ఒక గ్రంథాలయానికి మొదటి నెలలో 640 మంది వచ్చారు. రెండో నెలలో 752 మంది వచ్చారు. పెరుగుదల శాతం ఎంత?

పాతది: 640 → 100%
కొత్తది: 752 → ?

పెరుగుదల = 752 − 640 = 112
పెరుగుదల శాతం = (112 ÷ 640) × 100 = 17.5%

పుస్తకాల్లో ఉండే సూత్రం ఇదే: పెరుగుదలను తొలి విలువతో భాగించి 100తో గుణించడం. ఇంకో దారి కూడా ఉంది. 752ని నేరుగా 640తో భాగిస్తే 1.175 వస్తుంది. అంటే కొత్తది పాతదానిలో 117.5 శాతం. అందులోంచి మొదట ఉన్న 100 తీసేస్తే 17.5. రెండు దారులూ ఒకటే, కానీ చేతిలో క్యాలిక్యులేటర్ ఉంటే రెండోది త్వరగా అవుతుంది. మొదటి దారిలో వెళ్తే పెరిగింది ఎంతమందో కూడా తెలుస్తుంది కాబట్టి నేర్చుకునేటప్పుడు దాంతోనే మొదలుపెట్టడం మంచిది.

జవాబు సరైనదో కాదో చూడటానికి వెనక్కి నడవండి. 640లో 10 శాతం 64. దానిలో సగం, అంటే 5 శాతం, 32. మళ్లీ సగం, 2.5 శాతం, 16. మూడూ కలిపితే 64 + 32 + 16 = 112. సరిపోయింది. 10 శాతం, దాని సగం, ఆ సగంలో సగం: ఈ మూడు ముక్కలు నోటికి వస్తే చాలా లెక్కలను కాగితం లేకుండానే సరిచూసుకోవచ్చు.

కొత్త విలువ అడిగినప్పుడు

ఒక సంఘంలో 450 మంది సభ్యులున్నారు. వారి సంఖ్య 12 శాతం పెరిగితే మొత్తం ఎంతమంది అవుతారు?

పాతది: 450 → 100%
కొత్తది: ? → 112%

450లో 12 శాతం 54. దాన్ని 450కి కలిపితే 504. ఇది రెండు పనులుగా చేయడం. ఒకే పనిగా కావాలంటే 450 × 1.12 = 504.

ఈ 1.12ని గుణకం అంటారు. అందులో 1 అంటే మొదట ఉన్నది చెక్కుచెదరకుండా అలాగే ఉంది, .12 అంటే దాని మీద కొత్తగా చేరింది. గుణకంతో చేయడం అలవాటు చేసుకోమని గట్టిగా చెబుతాను. మామూలు లెక్కల్లో ఇది రెండు నిమిషాలు ఆదా చేస్తుందేమో, అంతే. అసలు లాభం ముందు ముందు వచ్చే వెనక్కి వెళ్లే లెక్కల్లో, వరుస పెరుగుదలల్లో కనిపిస్తుంది. అక్కడ గుణకం లేకపోతే తప్పు చేయడం చాలా తేలిక.

గుణకం రాసేటప్పుడు జారిపోయేది దశాంశ బిందువు దగ్గర. 8 శాతం పెరిగితే 1.08. కంగారులో 1.8 అని రాస్తే అది 80 శాతం పెరుగుదల. అర శాతం పెరిగితే 1.005. 125 శాతం పెరిగితే 1.25 కాదు, 2.25. అనుమానం వస్తే శాతాన్ని 100కు కలిపి, వచ్చినదాన్ని 100తో భాగించండి. 100 + 125 = 225, 225 ÷ 100 = 2.25. ఇక తప్పు పోదు.

తొలి విలువ అడిగినప్పుడు

ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి ఈ రకం దగ్గర కాస్త ఆగుదాం.

ఒక పాఠశాలలో విద్యార్థుల సంఖ్య 15 శాతం పెరిగి 391 అయింది. అంతకుముందు ఎంతమంది ఉండేవారు?

వెంటనే తట్టే ఆలోచన: 15 శాతం పెరిగింది కదా, 15 శాతం తగ్గిస్తే పాత సంఖ్య వచ్చేస్తుంది. చేసి చూద్దాం. 391లో 15 శాతం 58.65. తీసేస్తే 332.35. విద్యార్థుల సంఖ్యలో ముప్పాతికలూ పావులూ ఉండవు కాబట్టి ఇక్కడ తప్పు వెంటనే బయటపడింది. కానీ లెక్కలో కిలోమీటర్లో లీటర్లో ఉంటే ఇలాంటి జవాబు చూడటానికి బాగానే ఉంటుంది, అనుమానం రాదు.

తప్పు ఎందుకు వచ్చింది? పెరిగిన 15 శాతం పాత సంఖ్య మీద కట్టింది. మనం తీసేసిన 15 శాతం కొత్త సంఖ్య మీద కట్టింది. 391 పెద్దది, దానిలో 15 శాతం కూడా పెద్దదే. చేరినదానికంటే ఎక్కువ తీసేశాం.

రెండు వరసలు రాస్తే దారి కనిపిస్తుంది:

పాతది: ? → 100%
కొత్తది: 391 → 115%

115 శాతం అంటే 391. ఒక శాతం అంటే 391 ÷ 115 = 3.4. మరి 100 శాతం అంటే 340. గుణకంతో అయితే ఒక్క అడుగే: 391 ÷ 1.15 = 340. ముందుకు వెళ్లేటప్పుడు గుణించాం, వెనక్కి వచ్చేటప్పుడు భాగిస్తాం. సరిచూద్దాం: 340లో 10 శాతం 34, 5 శాతం 17, కలిపి 51. 340 + 51 = 391.

ఇదే రకంలో ఇంకో మలుపు ఉంటుంది. "ఒక తోటలో చెట్ల సంఖ్య 18 శాతం పెరిగింది. కొత్తగా చేరినవి 45. మొదట ఎన్ని ఉండేవి?" ఇక్కడ 45 అన్నది కొత్త విలువ కాదు, పెరుగుదల మాత్రమే. కాబట్టి అది 118 శాతానికి ఎదురుగా కాదు, 18 శాతానికి ఎదురుగా కూర్చుంటుంది. 45 ÷ 0.18 = 250. ఇచ్చిన సంఖ్య మొత్తమా, చేరిన భాగమా అన్నది వాక్యంలో "అయింది", "చేరింది", "అదనంగా", "ఎక్కువగా" అనే మాటలు చెబుతాయి.

100 దాటిన శాతాలు

శాతం 100 దాటగానే కొందరికి ఎక్కడో పొరపాటు జరిగిందేమోనని టెన్షన్ మొదలవుతుంది. పెరుగుదల 100 దాటడంలో వింతేమీ లేదు. రెట్టింపు అయితే పెరుగుదల 100 శాతం. మూడు రెట్లు అయితే 200 శాతం. పది రెట్లు అయితే 900 శాతం. ఎన్ని రెట్లు అయిందో దానిలోంచి ఒకటి తీసేసి 100తో గుణించడమే. తగ్గుదల మాత్రం మామూలు లెక్కల్లో 100 దాటదు, ఎందుకంటే ఉన్నదంతా పోతే 100 శాతం పోయినట్టు.

"మూడు రెట్లు పెరిగింది" అని రాసినప్పుడు కొంచెం ఇబ్బందే. మూడు రెట్లు అయిందనా, ఉన్నదాని మీద ఇంకో మూడు రెట్లు చేరిందనా? వాడుకలో ఎక్కువగా మొదటి అర్థమే తీసుకుంటాం. మీరే ప్రశ్న తయారుచేస్తుంటే "మూడు రెట్లు అయింది" అని రాయండి, గొడవ ఉండదు.

ఇక తొలి విలువ సున్నా అయితే? నిన్న సున్నా, ఇవాళ 12. ఎంత శాతం పెరిగింది? 12ని సున్నాతో భాగించలేం కాబట్టి ఈ ప్రశ్నకు శాతంలో జవాబు లేదు. "12 పెరిగాయి" అని చెప్పి ఊరుకోవాలి.

ఉష్ణోగ్రతతో కూడా జాగ్రత్త. 10 డిగ్రీల సెల్సియస్ నుంచి 20 డిగ్రీలకు పెరిగితే వేడి 100 శాతం పెరిగిందనడం అర్థం లేని మాట. సెల్సియస్‌లో సున్నా అంటే ఏమీ లేకపోవడం కాదు, నీరు గడ్డకట్టే చోటు అంతే. నిజమైన సున్నా నుంచి కొలిచే కెల్విన్‌లో అదే మార్పు సుమారు 283 నుంచి 293కి, అంటే సుమారు 3.5 శాతం.

ఒకదాని మీద ఒకటి వచ్చే పెరుగుదలలు

ఒక యంత్రం రోజుకు చేసే వస్తువుల సంఖ్య మొదటి ఏడాది 20 శాతం, రెండో ఏడాది 30 శాతం పెరిగింది. మొత్తం పెరుగుదల ఎంత?

50 అనకండి. రెండోసారి పెరిగిన 30 శాతం తొలి సంఖ్య మీద కాదు, అప్పటికే 20 శాతం పెరిగిన సంఖ్య మీద. 100తో మొదలుపెడితే 120 అవుతుంది. 120లో 30 శాతం 36. మొత్తం 156. పెరుగుదల 56 శాతం. గుణకాలతో అయితే 1.2 × 1.3 = 1.56, అంతే.

ఆ అదనపు 6 ఎక్కడిది? మొదటి ఏడాది చేరిన 20 కూడా రెండో ఏడాది 30 శాతం పెరిగింది. 20లో 30 శాతం 6. రెండు శాతాలనూ కూడి, వాటి లబ్ధాన్ని 100తో భాగించి కలపాలని పోటీ పరీక్షలకు నేర్పే సూత్రం వెనక ఉన్నది ఇదే: 20 + 30 + (20 × 30) ÷ 100 = 56. నోటిలెక్కకు ఆ సూత్రం బాగుంటుంది. మూడు నాలుగు పెరుగుదలలు వస్తే మాత్రం గుణకాలే నయం. క్రమం మార్చి ముందు 30, తర్వాత 20 పెంచినా మొత్తం మారదు, ఎందుకంటే గుణకారంలో ఏది ముందైనా ఒకటే.

ఏటేటా ఒకే శాతం పెరిగే లెక్కలు కూడా ఈ కుదురువే. ఒక పట్టణ జనాభా 8,000. ఏటా 5 శాతం చొప్పున పెరుగుతోంది. మొదటి ఏడాది చివర 8,400, రెండో ఏడాది చివర 8,820, మూడో ఏడాది చివర 9,261. ఏటా పెరుగుతున్నది వరసగా 400, 420, 441. శాతం ఒకటే, చేరే మనుషుల సంఖ్య మాత్రం ఏటికేడాది ఎక్కువ. మూడేళ్లకు 15 శాతం అని 9,200 రాస్తే 61 మంది లెక్కలోకి రాకుండా పోతారు.

దీనికి సరిగ్గా ఎదురుగా నడిచిన నిజమైన ఉదాహరణ ప్రపంచ జనాభాది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం ప్రపంచ జనాభా 1987లో 500 కోట్లకు, 1999లో 600 కోట్లకు, 2011లో 700 కోట్లకు, 2022లో 800 కోట్లకు చేరింది. ప్రతిసారీ పెరిగింది 100 కోట్లే. శాతాల్లో చూడండి: 500 నుంచి 600కు 20 శాతం. 600 నుంచి 700కు 16.7 శాతం. 700 నుంచి 800కు 14.3 శాతం. చేరిన సంఖ్య అంతే ఉన్నా కింద భాగించే సంఖ్య పెద్దదవుతూ వచ్చింది, శాతం తగ్గుతూ వచ్చింది. "జనాభా అంతే పెరుగుతోంది", "జనాభా పెరుగుదల శాతం తగ్గుతోంది" అనే రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు.

పెరిగి తగ్గితే

ఒక సంఖ్య 20 శాతం పెరిగి, మళ్లీ 20 శాతం తగ్గింది. మొదటికి వచ్చిందా? 1.2 × 0.8 = 0.96. రాలేదు, 4 శాతం తక్కువే ఉంది. ముందు తగ్గి తర్వాత పెరిగినా అదే 0.96. కారణం మనకు తెలిసిందే: పెరిగింది చిన్నదాని మీద, తగ్గింది పెద్దదాని మీద.

దీన్ని ప్రకృతి కూడా చూపిస్తుంది. నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. నిండా నింపి ఫ్రీజర్‌లో పెట్టిన సీసా పగలడం అందువల్లే. 1,000 మిల్లీలీటర్ల నీరు సుమారు 1,090 మిల్లీలీటర్ల మంచుగడ్డ అవుతుందన్నమాట. అదే మంచు కరిగి మళ్లీ 1,000 అయితే ఎంత శాతం తగ్గినట్టు? 9 కాదు. 90 ÷ 1,090, అంటే సుమారు 8.3 శాతం. మారింది అవే 90 మిల్లీలీటర్లు, కానీ వెళ్లేటప్పుడు 1,000 మీద కట్టాం, వచ్చేటప్పుడు 1,090 మీద.

"మొదటిది రెండోదానికంటే 25 శాతం ఎక్కువ. రెండోది మొదటిదానికంటే ఎంత శాతం తక్కువ?" అన్న ప్రశ్న ఈ కోవదే. రెండోది 100 అనుకుంటే మొదటిది 125. తేడా 25. ఇప్పుడు "కంటే" మొదటిదానికి అంటుకుంది కాబట్టి 125తో భాగించాలి. 25 ÷ 125 = 20 శాతం.

భిన్నాలతో చూస్తే ఇక్కడ ఒక చక్కటి వరస కనిపిస్తుంది. 25 శాతం అంటే నాలుగో వంతు. తిరిగి వచ్చేది ఐదో వంతు. సగం (50 శాతం) పెరిగితే తిరిగి రావడానికి మూడో వంతు తగ్గాలి. ఐదో వంతు (20 శాతం) పెరిగితే ఆరో వంతు తగ్గాలి. హారం ఒకటి పెరుగుతుంది, అంతే. వేగం, కాలం లెక్కల్లో ఇది బాగా పనికొస్తుంది. వేగం 25 శాతం పెరిగితే అదే దూరానికి పట్టే కాలం 20 శాతం తగ్గుతుంది. గంటకు 60 కిలోమీటర్ల చొప్పున 300 కిలోమీటర్లకు 5 గంటలు. గంటకు 75 అయితే 4 గంటలు.

శాతాల్లోనే ఉన్నవి పెరిగితే

ఒక పరీక్షలో ఉత్తీర్ణత 60 శాతం నుంచి 75 శాతానికి పెరిగింది. 15 శాతం పెరిగిందా? పెరిగింది 15 పర్సంటేజ్ పాయింట్లు, అంటే రెండు శాతాల మధ్య నేరుగా తీసిన తేడా. శాతంలో చెప్పాలంటే 60 మీద 15, అంటే 25 శాతం. పరీక్షలో "ఎంత శాతం పెరిగింది" అని అడిగితే 25 రాయాలి, "ఎన్ని పాయింట్లు" అని అడిగితే 15. వార్తలు రాసేవాళ్లు కూడా ఈ రెండింటినీ తరచూ కలిపేస్తుంటారు. చిన్న సంఖ్యల దగ్గర ఇది మరీ మోసం చేస్తుంది: 2 శాతం నుంచి 3 శాతానికి వెళ్తే ఒక్క పాయింటే పెరిగింది, కానీ అది 50 శాతం పెరుగుదల.

వైశాల్యం లెక్కలు

చతురస్రం భుజం 10 శాతం పెరిగితే వైశాల్యం 20 కాదు, 21 శాతం పెరుగుతుంది, ఎందుకంటే పొడవూ వెడల్పూ రెండూ పెరిగాయి: 1.1 × 1.1 = 1.21. చుట్టుకొలత మాత్రం 10 శాతమే పెరుగుతుంది. వృత్తానికీ ఇంతే. వ్యాసార్థం 50 శాతం పెరిగితే వైశాల్యం 1.5 × 1.5 = 2.25, అంటే 125 శాతం పెరుగుదల. సమఘనం ఘనపరిమాణం అయితే గుణకాన్ని మూడుసార్లు వేసి గుణించాలి: భుజం 10 శాతం పెరిగితే 1.1 × 1.1 × 1.1. ఇక్కడ అసలు కొలతలు ఇవ్వకపోయినా ఫరవాలేదు, గుణకాలు చాలు.

ఒక పెద్ద లెక్కను మొదటి నుంచి చివరిదాకా

ఒక కళాశాలలో 500 మంది విద్యార్థులు. వారిలో 60 శాతం అమ్మాయిలు. మరుసటి ఏడాది అమ్మాయిల సంఖ్య 10 శాతం, అబ్బాయిల సంఖ్య 20 శాతం పెరిగింది. మొత్తం విద్యార్థుల సంఖ్య ఎంత శాతం పెరిగింది?

ముందు చదువుదాం. ఇందులో నాలుగు శాతాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో 100. 60 శాతం మొత్తం విద్యార్థుల మీద. 10 శాతం పాత అమ్మాయిల సంఖ్య మీద. 20 శాతం పాత అబ్బాయిల సంఖ్య మీద. అడిగినది పాత మొత్తం మీద. ఈ నాలుగూ పక్కన రాసుకుంటే లెక్క సగం అయిపోయినట్టే.

అమ్మాయిలు: 500లో 60 శాతం = 300. 10 శాతం పెరిగితే 330.
అబ్బాయిలు: 500 − 300 = 200. 20 శాతం పెరిగితే 240.
కొత్త మొత్తం: 330 + 240 = 570.
పెరుగుదల: 70. శాతం: (70 ÷ 500) × 100 = 14%.

10, 20ల సగటు తీసి 15 అనేవాళ్లు ఉంటారు. అమ్మాయిలూ అబ్బాయిలూ సమానంగా ఉంటే ఆ 15 సరిపోయేది. ఇక్కడ ఎక్కువమంది ఉన్న గుంపు తక్కువ శాతం పెరిగింది కాబట్టి మొత్తం 15 కంటే తక్కువ వైపు జరిగింది. లెక్క చేయకముందే "జవాబు 10కీ 20కీ మధ్య, 15కి కాస్త ఇటువైపు ఉండాలి" అని ఊహించగలిగితే, చివర్లో వచ్చిన 14 చూసి నమ్మకం కుదురుతుంది. ఇలాంటి అంచనా ప్రతి లెక్కకూ ముందు వేసుకోవచ్చు. పెరిగింది అన్నచోట కొత్త విలువ పాతదానికంటే తక్కువ వస్తే, లేదా రెట్టింపు కూడా కానిదానికి శాతం 100 దాటితే, ఎక్కడో సంఖ్యలు తారుమారు అయ్యాయని అర్థం.

మీరు చేసి చూడటానికి

1. ఒక పెట్టె బరువు 48 కిలోల నుంచి 60 కిలోలకు పెరిగింది. ఎంత శాతం?

2. ఒక చెరువులో నీరు 35 శాతం పెరిగి 540 ఘనపు మీటర్లు అయింది. మొదట ఎంత ఉండేది?

3. దీర్ఘచతురస్రం పొడవు 20 శాతం పెంచి, వెడల్పు 20 శాతం తగ్గించారు. వైశాల్యం ఏమైంది?

4. ఒక సంఖ్య 40 శాతం పెరిగింది. మళ్లీ మొదటి విలువకు రావాలంటే ఎంత శాతం తగ్గాలి?

5. ఒక సంఖ్య వరుసగా రెండుసార్లు ఒకే శాతం పెరిగి, మొత్తం మీద 44 శాతం పెరిగింది. ఒక్కోసారి ఎంత శాతం పెరిగింది?

జవాబులు: మొదటిది 25 శాతం. రెండోది 540 ÷ 1.35 = 400 ఘనపు మీటర్లు. మూడోది 1.2 × 0.8 = 0.96, అంటే 4 శాతం తగ్గింది. నాలుగోది 40 ÷ 140, సుమారు 28.6 శాతం. 40 శాతం అంటే ఐదింట రెండు వంతులు, తిరిగి వచ్చేది ఏడింట రెండు వంతులు. పైన చెప్పిన భిన్నాల వరసలో హారం ఒకటే పెరిగింది, ఇక్కడ రెండు పెరిగింది. లవం రెండు కాబట్టి. ఐదోదానికి 22 శాతం అన్నది తొందరపాటు జవాబు. 1.44 రావాలంటే ఒకే గుణకాన్ని దానితోనే గుణించాలి. 12 × 12 = 144 కాబట్టి గుణకం 1.2, పెరుగుదల ఒక్కోసారి 20 శాతం.